టికెట్ల లెక్కన కాదు, కిలోమీటర్ల లెక్కన ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

ఆర్టీసీ గురించి ఏ పత్రిక తిరగేసినా, టీవీలో ఏ చర్చ విన్నా రెండే మాటలు. ఆడవాళ్లకు ఫ్రీ బస్సు పెట్టి సంస్థను ముంచేశారని ఒకరంటారు, ఫ్రీ బస్సు పెట్టబట్టే సంస్థ నిలబడిందని ఇంకొకరంటారు. అసలు ఆ డబ్బు ఏ లెక్కన ఇస్తున్నారు, ఆ లెక్క వల్ల ఏ ఊరికి బస్సు వస్తోంది, ఏ ఊరికి ఆగిపోతోంది అన్నది ఎవరూ మాట్లాడడం లేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను, కొంచెం పొడుగైనా దయచేసి కత్తిరించకుండా వేయండి.

నేను మహబూబ్‌నగర్ జిల్లాలో మిడ్జిల్ వైపున్న ఒక ఊరి నుంచి జడ్చర్లకు రోజూ బస్సులో వెళ్లి ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతాను. జీరో టికెట్ మీదే వెళ్తాను. మా బడిలో జీతాలు ఎంతుంటాయో అందరికీ తెలిసిందే, అందులోంచి బస్సు చార్జీలు మిగలడం నాకు చాలా పెద్ద విషయం. నాతో పాటు ఎక్కే కూలీలకు, ఆస్పత్రికి వెళ్లే ముసలివాళ్లకు, డిగ్రీ కాలేజీ ఆడపిల్లలకు ఇంకా పెద్ద విషయం. కాబట్టి ఈ పథకం తీసేయమని నేను ఛస్తే అనను. పథకానికి ఖర్చు పెడుతున్న డబ్బుతో బస్సులు కూడా రావాలి అంటున్నాను, అంతే.

ముందు లెక్క సంగతి. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పేరుతో ఈ ఫ్రీ బస్సు పథకం మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ ఆడవాళ్లు ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొడతాడు. మనం ఏమీ కట్టకపోయినా ఎక్కడ ఎక్కాం, ఎక్కడ దిగుతాం, దానికి చార్జీ ఎంత అన్నది మెషిన్లో నమోదవుతుంది, ఆ మొత్తం కూడి ఆర్టీసీ ప్రభుత్వానికి బిల్లు పెడుతుంది. 2025 జులై నాటికి ఇలాంటి టికెట్లు 200 కోట్లు దాటాయి, వాటి విలువ దాదాపు రూ.6,680 కోట్లని ప్రభుత్వమే ప్రకటించి సంబరాలు చేసింది. అంటే సగటున టికెట్‌కు 33 రూపాయల పైచిలుకు. 2025-26 బడ్జెట్‌లో ఈ పథకానికి రూ.4,305 కోట్లు పెట్టారు. చిన్న మొత్తం కాదు. డబ్బు అసలే ఇవ్వడం లేదన్నది నా ఫిర్యాదు కాదు. ఆ డబ్బు సమయానికి చేతికొస్తుందా లేదా అన్నది వేరే గొడవ, అది కింద రాస్తాను.

ఇప్పుడు ఒక్క విషయం ఆలోచించండి. యాభై సీట్ల బస్సులో వంద మంది ఎక్కారు. వాళ్లందరి టికెట్ల విలువ ఆర్టీసీకి వస్తుంది. అదే వంద మందిని రెండు బస్సుల్లో కూర్చోబెట్టి తీసుకెళ్తే ఎంత వస్తుంది? ఒక్క రూపాయి ఎక్కువ రాదు. డీజిల్ రెండింతలు, డ్రైవర్లు ఇద్దరు, కండక్టర్లు ఇద్దరు, టైర్ల అరుగుదల రెండింతలు. టికెట్ లెక్కన డబ్బులిచ్చినంత కాలం జనాన్ని ఒకే బస్సులో కుక్కడమే సంస్థకు లాభం. ఇందులో డిపో మేనేజర్ల దుర్మార్గం ఏమీ లేదు. ఆయన్ని పైనుంచి అడిగేది కిలోమీటరుకు ఎంత తెచ్చావు, ఓఆర్ ఎంత, అంటే సీట్లు ఎంత శాతం నిండాయి అనే కదా. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోవాల్సిన మనిషి రెండో బస్సు ఎందుకు వేస్తాడు?

దీనికి రెండో వైపు ఇంకా బాధాకరం. మధ్యాహ్నం పూట పల్లెకు వెళ్లే బస్సులో పది పదిహేను మంది ఉంటారు. వాళ్ల టికెట్లు, జీరోవి, డబ్బు కట్టినవి అన్నీ కలిపినా డీజిల్‌కు కూడా చాలవు. కాబట్టి ఆ ట్రిప్పు పోతుంది. మా ఊరికి అలాగే పోయింది. ఎవరూ చెప్పలేదు, ఎక్కడా నోటీసు పెట్టలేదు. ఒకరోజు రాలేదు, బ్రేక్‌డౌన్ అనుకున్నాం. తర్వాత బస్సు జాతరకు పంపారన్నారు. ఆ తర్వాత అడగడం మానేశాం. ఊరివాళ్లు అర్జీ తీసుకుని డిపోకు వెళితే అక్కడి సారు మర్యాదగానే మాట్లాడి "ఆ టైంలో ఓఆర్ రావడం లేదమ్మా, బస్సు కూడా లేదు, స్టాఫ్ కూడా లేరు" అన్నాడు. ఆయన చెప్పింది అబద్ధమని నేను అనుకోను. కానీ ఒంటిపూట కాలేజీ అయిపోయిన ఆడపిల్లలు సాయంత్రం దాకా బస్టాండులో కూర్చుంటున్నారు, లేదా ముందు సీట్లో డ్రైవర్‌కు అటొకరు ఇటొకరు వేలాడే ఆటో ఎక్కి డబ్బులిచ్చి వస్తున్నారు. ఫ్రీ బస్సు పథకం ఉన్న రాష్ట్రంలో ఆడపిల్ల ఆటోకు డబ్బు కడుతోంది, ఎందుకంటే బస్సు లేదు. రాని బస్సుకు జీరో టికెట్ కొట్టరు కదా, కాబట్టి ఈ పిల్లల కష్టం ఏ లెక్కలోనూ కనబడదు.

పొద్దున బస్సు సంగతి కూడా చెప్పాలి. మా స్టేజీకి వచ్చేసరికే ఫుట్‌బోర్డు మీద మగపిల్లలు వేలాడుతుంటారు. కండక్టరమ్మ ముందు డోర్ దగ్గర ఇరుక్కుపోయి, టికెట్లు కొట్టే టిమ్ మెషిన్ తలపైకి ఎత్తి పట్టుకుని "ఆధార్ చూపించండి, ఎక్కడికి, ఎంతమంది" అని అరుస్తూనే ఉంటుంది. వెనక ఎక్కినవాళ్ల దాకా ఆమె పోలేదు. టికెట్ కొట్టకుండా స్టేజీ దాటితే, చెకింగ్ వాళ్లు ఎక్కితే ప్రయాణికురాలికి ఫైన్, కండక్టర్‌కు మెమో. అందుకని ఊరు దాటాక బస్సు రోడ్డు పక్కకు తీసి ఆపేస్తారు. ఆమె దిగి, వెనక డోర్ నుంచి మళ్లీ ఎక్కి, అందరికీ కొట్టాక గాని కదలదు. ఎండాకాలంలో ఆ ఆగిన బస్సులో నిలబడితే తెలుస్తుంది. ఒకసారి ఒక పెద్దావిడ ఆ ఉక్కకు కళ్లు తిరిగి నా భుజం మీదే పడిపోయింది. ఇంత అవస్థ ఎందుకంటే ఒక్కో టికెట్ కొడితేనే సంస్థకు ప్రభుత్వం నుంచి డబ్బు. ఆ కండక్టరమ్మ అరిస్తే మనవాళ్లు తిరిగి అరుస్తారు, ఫ్రీగా ఎక్కుతున్నారని ఎవరో ఒక మగాయన ఒక మాట అంటాడు, డబ్బు కట్టి నిలబడ్డ ఆయన కోపమూ అర్థం చేసుకోదగిందే. గొడవంతా బస్సులోని వాళ్ల మధ్యే జరుగుతోంది, లెక్క రాసినవాళ్ల దాకా పోవడం లేదు.

పథకానికి ముందు రోజుకు 45 లక్షల మంది ఎక్కేవారని, ఇప్పుడు 60 లక్షలు దాటారని సంస్థే చెబుతోంది. బస్సులు ఆ లెక్కన పెరిగాయా? సిబ్బంది? 2019 అక్టోబర్ 5న మొదలై యాభై రోజులకు పైగా సాగిన సమ్మెలో ఉన్నది దాదాపు 48 వేల మంది. 2023 ఆగస్టులో ఉద్యోగులను ప్రభుత్వంలో కలుపుతూ అసెంబ్లీలో బిల్లు పెట్టేనాటికి సంఖ్య 43,373కు వచ్చింది. రిటైరైన వాళ్లు రిటైరవుతూనే ఉన్నారు. 2025 సెప్టెంబర్‌లో డ్రైవర్లు, శ్రామిక్‌లు (బస్సుల రిపేర్లు చూసేవాళ్లు) కలిపి 1,743 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. మంచిదే, కానీ తగ్గినవాళ్ల ముందు అదెంత? ఉన్నవాళ్లతో డబుల్ డ్యూటీలు చేయిస్తున్నారు. రాత్రంతా బండి నడిపి వచ్చిన డ్రైవర్ మళ్లీ స్టీరింగ్ పడితే వెనక కూర్చున్న మాకు టెన్షన్ కాదా?

విలీనం చేస్తే అన్నీ సర్దుకుంటాయని ఉద్యోగుల ఆశ. అది న్యాయమైన కోరికే, బిల్లుకు గవర్నర్ ఆమోదం కూడా వచ్చి రెండేళ్లు గడిచినా అమలు తేదీ ప్రకటించకపోవడం వాళ్లను మోసం చేసినట్టే. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1న ప్రజా రవాణా శాఖ పెట్టి ఉద్యోగులను కలిపేశారు, జీతం ఖజానా నుంచి వస్తోంది, నెలనెలా జీతం వస్తుందో రాదో అన్న భయం లేదు. కానీ ప్రయాణికురాలిగా నాకు ఒకటి అనిపిస్తుంది. విలీనంతో ఉద్యోగి జీతానికి హామీ దొరుకుతుంది, మా ఊరి ట్రిప్పుకు హామీ దొరకదు. రెండూ వేర్వేరుగా అడగాలి. 2025 ఆగస్టు 15 నుంచి అక్కడా స్త్రీశక్తి పేరుతో ఉచిత ప్రయాణం మొదలైంది, కాబట్టి ఈ లెక్క గురించి అక్కడి అక్కచెల్లెళ్లు కూడా ఇప్పటి నుంచే అడగడం మంచిది.

అసలు ఈ తికమక చట్టంలోనే ఉంది. 1932లో నిజాం రైల్వే కిందే 27 బస్సులతో మొదలైన సర్వీసు ఇది, అప్పట్లో రైలూ బస్సూ ఒకే శాఖ. తర్వాత 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం కింద 1958 జనవరి 11న ఏపీఎస్‌ఆర్టీసీ ఏర్పడింది. ఆ చట్టంలో 18వ సెక్షన్ జనానికి చాలినంత, సమర్థమైన, చౌకైన రవాణా ఏర్పాటు చేయడం సంస్థ విధి అంటుంది. 22వ సెక్షన్ వ్యాపార సూత్రాల మీద నడవాలంటుంది. మా ఊరికి పది మందితో వచ్చే బస్సు ఈ రెండో సెక్షన్ ప్రకారం నష్టం, మొదటి దాని ప్రకారం విధి. ప్రభుత్వాలు ఇన్నేళ్లుగా చేసిందల్లా అవసరమైనప్పుడు ఒకటి, అవసరం తీరాక ఇంకొకటి చదవడం. పాసులకు రాయితీ ఇవ్వమని ఆదేశిస్తారు, జాతరకు బస్సులన్నీ తరలించమంటారు, ఏడాది చివర్లో సంస్థకు నష్టాలొచ్చాయని అసెంబ్లీలో చదువుతారు. చేయమన్న పనికి డబ్బు పూర్తిగా కట్టకుండా మిగిలిన అప్పును నష్టం అని పిలిస్తే ఎలా?

డబ్బు పూర్తిగా రానప్పుడు సంస్థ ఏం చేసిందో ఆర్టీసీ ఉద్యోగి ఇంట్లో అడిగితే చెబుతారు. ఉద్యోగులు తమ జీతాల్లోంచి పొదుపు చేసుకున్న సహకార పరపతి సంఘం డబ్బు వాడుకుంది. సీసీఎస్ అంటారు దాన్ని. పిల్ల పెళ్లికి, కొడుకు ఫీజుకు లోను పెట్టుకుంటే సంఘంలో డబ్బు లేదన్న రోజులున్నాయి, కోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. పల్లెలకు బస్సు నడిపిన ఖర్చులో కొంత డ్రైవర్లు, కండక్టర్లు తమ పొదుపులోంచి భరించారన్న మాట. ఇది నాకు చాలా సిగ్గుగా అనిపించే విషయం, ఎందుకంటే ఆ బస్సు ఎక్కినవాళ్లలో నేనూ ఉన్నాను.

హైదరాబాద్ సంగతి వేరేగా ఏం లేదు. సిటీ బస్సుల నష్టం నగరపాలక సంస్థ భరించాలని రాష్ట్రం వచ్చిన కొత్తలో నిర్ణయించారు, జీహెచ్‌ఎంసీ రూ.336 కోట్లు ఇచ్చి ఇక మావల్ల కాదంది, 2019 సమ్మె అప్పుడు ఆ బకాయి సంగతి హైకోర్టులో చర్చకు కూడా వచ్చింది. నగరం వాడుకునే బస్సుకు నగరం కొంత కట్టాలన్న ఆలోచన చాలా మంచిది, అది అక్కడే ఆగిపోయింది. 2025 అక్టోబర్ 6 నుంచి ఎలక్ట్రిక్ బస్సులకు కావాల్సిన ఏర్పాట్ల ఖర్చు అని చెప్పి సిటీ బస్సుల్లో మొదటి మూడు స్టేజీలకు 5 రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి 10 రూపాయలు పెంచారు. ఆడవాళ్లకు జీరో టికెట్ కాబట్టి ఆ భారం జేబులోంచి కట్టేది మగ కూలీలు, చిరుద్యోగులు. అటు జీరో టికెట్ విలువ కూడా పెరుగుతుంది, ప్రభుత్వం బిల్లూ పెరుగుతుంది. బస్సు ఒక్కటి పెరగకుండానే! సరిగ్గా దానికి ముందు నెలలోనే మెట్రో మొదటి దశను దాదాపు రూ.13 వేల కోట్ల అప్పుతో సహా రాష్ట్రం తీసుకోవడానికి ఒప్పుకుంది. పట్నానికి మెట్రో అవసరమే, నేను కాదనను. కానీ ఒక్క నగరంలో మూడు లైన్ల కోసం అంత అప్పు నెత్తినెత్తుకోగలిగిన ప్రభుత్వం, రాష్ట్రమంతా తిరిగే పల్లెవెలుగు విషయానికి వచ్చేసరికి లాభనష్టాలు మాట్లాడకూడదు.

ఇక నేను అడిగేది. ఆర్టీసీలో అద్దె బస్సులు ఉన్నాయి కదా, బస్సు ప్రైవేటు వాళ్లది, డ్రైవర్ వాళ్ల మనిషి, కండక్టర్ ఆర్టీసీ మనిషి. ఆ బస్సు యజమానికి ఆర్టీసీ ఏ లెక్కన కడుతోంది? కిలోమీటరు లెక్కన. బస్సులో వంద మంది ఎక్కారా, నలుగురు ఎక్కారా అన్నది ఆయనకు అక్కర్లేదు, తిరిగిన దూరానికి డబ్బు వస్తుంది. ఇప్పుడొస్తున్న ఎలక్ట్రిక్ బస్సుల కంపెనీలకూ అదే పద్ధతి. కేంద్ర ప్రభుత్వం 2023లో తెచ్చిన పీఎం ఈ-బస్ సేవ పథకంలో కూడా నగరాలకు ఇచ్చే సాయం కిలోమీటరు లెక్కనే, 12 మీటర్ల బస్సుకు 24 రూపాయలు, 9 మీటర్ల బస్సుకు 22, చిన్న బస్సుకు 20. ప్రైవేటు యజమానికి కిలోమీటరు లెక్క, కంపెనీకి కిలోమీటరు లెక్క, కేంద్రం నుంచి వచ్చేదీ కిలోమీటరు లెక్క. జనం కోసం పుట్టిన ఆర్టీసీకి మాత్రం ప్రభుత్వం టికెట్ లెక్కన ఎందుకు ఇస్తోంది?

మహాలక్ష్మి డబ్బులో పెద్ద భాగాన్ని కిలోమీటర్లకు మార్చండి. ఏ మండలంలో ఏ ఊరికి రోజుకు కనీసం ఎన్ని ట్రిప్పులు, పొద్దున ఎన్నింటికి మొదటిది, రాత్రి ఎన్నింటికి చివరిది అని ప్రభుత్వం, ఆర్టీసీ కూర్చుని రాసుకోవాలి. ఆ ట్రిప్పు నడిపితే డబ్బు, నడపకపోతే లేదు. టికెట్లు కొట్టడం మానేయమని కాదు, ఎంతమంది ఎక్కుతున్నారో తెలియాలి, రద్దీ ఉన్న చోట ఎక్కువ బస్సులు వేయడానికి ఆ లెక్కే ఆధారం కావాలి. కానీ టికెట్ సంఖ్య పెంచితేనే ఆదాయం అన్న పద్ధతి పోవాలి.

ఖాళీ బస్సులు తిప్పి డబ్బు తీసుకుంటారని ఎవరైనా అనొచ్చు. మా బడిలో ఈ మాట అనగానే ఒక సారు అదే అన్నాడు. బస్సులకు జీపీఎస్ పెడుతున్నారు కదా, ఏ బస్సు ఎక్కడుందో ఫోన్లో చూసే యాప్‌లు కూడా వచ్చాయి. ఏ ట్రిప్పు తిరిగింది, ఏది రద్దయింది అన్నది డిపోల వారీగా నెలనెలా బయట పెట్టడం కష్టమేమీ కాదు. బస్టాండులో ఒక బోర్డు మీద రాసినా చాలు. రద్దయితే ఎందుకు రద్దయిందో రాయాలి, బస్సు లేకనా, డ్రైవర్ లేకనా, జాతరకు పంపా, సభకు పంపా. అది చదివిన ఊరివాళ్లే నిలదీస్తారు, ప్రత్యేకంగా ఎవరూ చెకింగ్‌కు రానక్కర్లేదు.

డబ్బు ఇచ్చే తేదీ కూడా రాసుకోవాలి. నెల గడిచిన ఇన్ని రోజుల్లో అని. ఆలస్యమైతే వడ్డీ. బ్యాంకులో అప్పు తెచ్చి డీజిల్ కొట్టించుకునే సంస్థకు ప్రభుత్వం బాకీ పడితే ఆ వడ్డీ ఎవరు కట్టాలి? ఇక కొత్త బస్సులకు, సిబ్బంది నియామకానికి పెట్టే డబ్బును పథకం డబ్బులో కలిపేయకుండా బడ్జెట్‌లో వేరే పద్దుగా చూపించాలి, అప్పుడు గాని ఏ ఏడాది ఎన్ని బస్సులకు ఇచ్చారో మాలాంటి వాళ్లకు తెలియదు.

రాష్ట్రమంతా ఒకేసారి మార్చడం కష్టమంటే మా ఉమ్మడి మహబూబ్‌నగర్‌లోనే రెండు మూడు డిపోల్లో ఆరు నెలలు చేసి చూడండి. వలసలకు పేరుపడ్డ జిల్లా, బస్సు విలువ తెలిసినవాళ్లం.

మా ఊరి మధ్యాహ్నం ట్రిప్పుతోనే లెక్క వేసి చూశాను. పోను రాను కలిపి 36 కిలోమీటర్లు. కేంద్రం నగరాలకు ఇచ్చే 24 రూపాయల సాయమే మాకూ ఇచ్చినా రోజుకు 864 రూపాయలు. దానితో మొత్తం ఖర్చు వెళ్లదని నాకు తెలుసు, మిగతాది ఎక్కే పదిహేను మంది టికెట్లు, ఆ బస్సు అటు పోయి ఇటు వచ్చేటప్పుడు దారిలో ఎక్కేవాళ్లు కొంత తీరుస్తారు, అప్పటికీ తగ్గితే ఎంత తగ్గిందో చెప్పమనండి. ఆ అంకె ఇప్పటిదాకా మాకెవరూ చెప్పలేదు. మంత్రిగారు గానీ సంస్థ ఎండీ గారు గానీ మీ పత్రిక ద్వారా జవాబిస్తే మా పంచాయతీ ఆఫీసు గోడకు అంటిస్తాం.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయురాలు, పల్లెవెలుగు ప్రయాణికురాలు,
మహబూబ్‌నగర్ జిల్లా